గీకుడు లేని రేటు

కొట్టు పడగొట్టి కాంప్లెక్సు కడుతున్నామని, పాత సామానులో నాకు కావలసినవేమైనా ఉంటే వచ్చి చూసుకోమని తమ్ముడు శేషు ఫోన్ చేశాడు. చూసుకోమన్నాడే గాని తీసుకుపొమ్మనలేదు. కొట్టులో పుట్టి పెరిగినవాళ్లం, మాట కూడా తూచే ఇస్తాం. సత్తెనపల్లిలో బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఆటో అతనితో పది రూపాయల దగ్గర పావుగంట వాదించి, చివరికి అరవైకి దగ్గరపడిన మోకాళ్లతో నడిచి వెళ్లేసరికి మా కొట్టుకు ముందు గోడ లేదు. నాన్న కూర్చునే చోట ఇటుకల కుప్ప ఉంది. వెనక గోడౌన్ మాత్రం ఇంకా నిలబడి ఉంది, బెల్లం వాసనతో, గోనెల వాసనతో, ఇంగువ డబ్బాల వాసనతో. ఆ చీకట్లో, బియ్యం బస్తాల కింద అరలాగా వేసి ఉన్న ఒక చెక్కను చూసి ఆగిపోయాను.

నా ఎత్తు ఉంటుంది. పైన ఏటవాలుగా కోసి, ముందు వైపు అర్ధచంద్రంలా ఒంపు తీసి ఉంది. బియ్యం బస్తాల కోసం ఎవరూ చెక్కను అలా కొయ్యరు. ఒక ముఖమంతా మాడిన అట్లపెనంలా నల్లగా ఉంది. కింది మూలలో అరచేయంత మేర గోధుమరంగు బంక, దానిలో ఇరుక్కుపోయిన దూది పోగులు. వంగి గోరుతో గీకాను. రాలేదు. రాదని నాకు తెలుసు. జ్ఞాపకాల చోటికి వెళ్లినవాళ్లకు కళ్లు చెమ్మగిల్లుతాయని చదువుతుంటాను. నాకు మాత్రం ఒళ్లు మండింది. నిన్న జరిగినట్టు, ఇంకా నా గోళ్ల కింద ఆ బంక ఉన్నట్టు మండింది.

మా నాన్నది కిరాణా కొట్టు. పొద్దున్నే నంబర్లు వేసిన తలుపు చెక్కలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించేవాడు. అమ్మ గడప ముందు నీళ్లు చల్లేది. నేను చింతపండుతో త్రాసు పళ్లాలు తోమేదాన్ని. పళ్లెంలో మొహం కనిపిస్తే గాని నాన్న సాంబ్రాణి వెలిగించేవాడు కాదు. కొనేవాడి చెయ్యి తగిలే ప్రతి వస్తువూ శుభ్రంగా ఉండాలనేది ఆయన పట్టుదల. నూనె డబ్బా మూత కూడా రోజుకు రెండుసార్లు తుడిచేవాడు. మాటలు తక్కువ. బేరం తెగిపోయిందని చెప్పడానికి వందగ్రాముల రాయితో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు, అంతే. ఆ చప్పుడు తర్వాత ఎంతటివాళ్లయినా మాట్లాడేవారు కాదు. నాకు పదేళ్లు వచ్చినప్పటినుంచీ ఆయన భోజనానికి లేస్తే గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చునేదాన్ని. పొట్లం కట్టడం, దారాన్ని వేలితో తెంపడం, ఎదుటివాడి కళ్లు ఏ డబ్బా దగ్గర ఆగాయో చూసి రేటు చెప్పడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. వీధిలో ఆడవాళ్లు చీరలు కొనడానికి వెళ్తూ నన్ను వెంటబెట్టుకెళ్లేవారు. ముందు లోపం చెప్పాలి, తర్వాత రేటు అడగాలి, అడిగి నవ్వాలి, నవ్వి లేవాలి, నాలుగడుగులు వెయ్యాలి. అయిదో అడుగుకు వెనక నుంచి పిలుపు వచ్చేది. రాకపోవడం నేను ఎరగను. అందుకే అంత పొగరు.

ఇంటర్ అయ్యాక నేను ఇంట్లోనే ఉన్నాను. శేషు పది తప్పాడు. తప్పినవాడికి గల్లాపెట్టె వచ్చింది, పాసైన నాకు వంటిల్లు వచ్చింది. నాన్న కోపంగా ఏమీ అనలేదు. ఒకరోజు భోజనం చేసి వచ్చి, నేను లేవబోతుంటే, "ఇంక నువ్వు లోపలికి పోమ్మా, తమ్ముడు కూర్చుంటాడు" అన్నాడు. ఆ రోజు సాయంత్రం ఎవరో అరకిలో శనగపప్పు అడిగితే వాడు కందిపప్పు కట్టాడు. నేను వంటింట్లోంచి విన్నాను. వినడం తప్ప నాకు పని లేదు.

కొట్టును ఆనుకుని ఒక చిన్న గది ఉండేది. పాత డబ్బాలు, విరిగిన కాటాలు పడేసేవాళ్లం. ఆ గది మీద నా కన్ను పడింది. ఆ రోజుల్లోనే బస్టాండు దగ్గర ఎవరో వీడియో గేమ్ పెట్టె పెట్టారు. బీరువా అంత పెట్టె, లోపల టీవీ, ముందు ఒక పుల్ల, రెండు మీటలు. రూపాయి బిళ్ల వేస్తే కుయ్ కుయ్ మంటూ ఏవో ఎగురుతుంటాయి, వాటిని కాల్చాలి. మగపిల్లలు వరసలో నిలబడేవారు. నేను ఆటను చూడలేదు, వరసను చూశాను. తూకం లేదు, తరుగు లేదు, ఎలుకలు తినవు, అరువు అడగరు. ఇంత మంచి సరుకు మా వంశంలో ఎవరూ అమ్మలేదనిపించింది.

గుంటూరులో ఒకాయన అలాంటి దుకాణం ఎత్తేస్తున్నాడని తెలిసి అమ్మను తోడు తీసుకుని వెళ్లాను. పెట్టె ఆడుతోంది, బొమ్మ చక్కగా వస్తోంది. కాని ఒళ్లంతా చిరిగిన ఎర్ర రెగ్జిన్, అందులోంచి బొద్దింకలు. లోపం చూపించాను. "లోపల టేకమ్మా, పాత బీరువా చెక్కలతో చేయించా" అన్నాడాయన. "చెక్క తినటానికా, ఆడటానికా?" అన్నాను. నవ్వాను, లేచాను, నాలుగడుగులు వేశాను. సగం రేటుకు వచ్చింది. మిర్చి బస్తాలు దించి ఖాళీగా వస్తున్న లారీలో దాన్ని ఇంటికి తెచ్చాం.

నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. రెగ్జిన్ అంచు ఒకటి పట్టుకుని లాగి, కింద చెక్కను చూశాడు.

"టేకే" అన్నాడు. తర్వాత చేతులు కండువాకు తుడుచుకున్నాడు. "ఈ దరిద్రం నా కొట్టు పక్కన పెడితే మనిషనేవాడు గడప తొక్కడు. ఈ తోలు పీకించి, చెక్క కనపడేట్టు శుభ్రంగా చేయించు. కోటప్పకొండ తిరనాళ్ల నాటికి ఆడుతుంటే ఆ గది నీది. నువ్వే కూర్చో, నువ్వే చూసుకో."

"కాకపోతే?"

"ఎరువులాయన గోడౌన్‌కి అడుగుతున్నాడు. తిరనాళ్ల మర్నాడు అతనికి మాటిచ్చేస్తా." వందగ్రాముల రాయితో బల్ల మీద రెండుసార్లు కొట్టాడు.

తిరనాళ్లకు ఇంకా నెల ఉంది. ఆ వారం రోజులూ పల్నాటి ఊళ్లన్నీ మా ఊరి మీదుగానే కొండకు వెళ్తాయి. నా గది ముందు వరస ఎక్కడిదాకా ఉంటుందో మనసులో లెక్కేసుకున్నాను. మసీదు సందు మలుపు దాకా వచ్చింది.

మా వీధి చివర వీరాచారి అని వడ్రంగి ఉండేవాడు. మేమంతా ఆచారి బాబాయ్ అనేవాళ్లం. చెవికి పెన్సిలు, పెదవికి ఆరిపోయిన బీడీ. ఆ బీడీ వెలిగించగా నేను చూడలేదు. వచ్చి పెట్టెను నాలుగువైపులా చూసి, రెగ్జిన్ ఊడినచోట బొటనవేలితో ఒకసారి రుద్ది, తన రేటు చెప్పాడు. నేను నవ్వాను.

"దేనికి బాబాయ్ అంత?"

"రెగ్జిన్ పీకాలి, బంక గీకాలి, చిత్రిక పట్టాలి, వార్నిషెయ్యాలి."

"పీకటం నేను పీకుతా. గీకటం నేను గీకుతా. నాకు చేతుల్లేవా ఏంది? ఆ రెండూ తీసేసి చెప్పండి."

"గీకుడు తీసేస్తావా?"

"తీసేస్తా."

"చూసుకో అమ్మా. నువ్వే అంటున్నావు."

"నేనే అంటున్నా" అని సగానికి తెగ్గొట్టాను. ఆయన సరే అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. నాలుగడుగులు కూడా వెయ్యాల్సిన పని లేకుండా తెగిన బేరం అది. అంత తేలిగ్గా తెగినప్పుడు అనుమానం రావాలి. మా నాన్న అయితే అనుమానించేవాడు. నేను అమ్మ దగ్గరకు పోయి గొప్పలు చెప్పుకున్నాను.

రెగ్జిన్ పీకడం ఒక మధ్యాహ్నం పని. పైతోలు వచ్చేసింది, దాని వెనక గుడ్డ మాత్రం పోగులు పోగులుగా చెక్కకే అంటుకుపోయింది. ఆ పోగుల కింద బంక. ఎండిపోయిన చోట గాజులా గట్టిగా ఉంది, చెయ్యి తగిలి చెమట పట్టిన చోట జిగురుగా ఉంది. విరిగిన రంపంబ్లేడు ముక్కకు గుడ్డ చుట్టి గీకడం మొదలుపెట్టాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గీకితే చెంచాడు పొడి రాలింది. రెండో రోజు అరచేతిలో బొబ్బ లేచింది. మూడో రోజు బ్లేడు జారి టేకు మీద జానెడు గాడి పడింది. శేషు గల్లాపెట్టె దగ్గర కూర్చుని తల తిప్పి, "ఏమే అక్కా, మసీదు సందు దాకా వచ్చిందా వరస?" అనేవాడు. ఆ మాట వాడికి ఎందుకు చెప్పానా అని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఎదురుగా సైకిల్ షాపు మస్తానన్న అటు వెళ్తూ చూసి, ముక్కు దగ్గర పెట్టుకోకుండానే తేల్చేశాడు. "ఇది సొల్యూషనమ్మా. మేం పంక్చర్లకేసేదే. పెట్రోల్ పోస్తే పాలకోవాలాగా ఊడొస్తది." పెట్రోలు పోశాం. పెట్రోలు ఆవిరైపోయింది, బంక అలాగే ఉంది. "పాత సొల్యూషన్ కదా, ఇంకా ఘాటైంది కావాల" అన్నాడు. టర్పెంటైన్ పోశాం. కిరోసిన్ మాది కొట్టు సరుకే కదా, అది ధారాళంగా పోశాం. గదంతా లాంతర్ల వాసన. అమ్మ వచ్చి, నూనె అంటిన చేతికి నూనే విరుగుడు అంటూ వేరుశనగ నూనె రాసి ఒక రాత్రి ఉంచమంది. ఉంచాం. పొద్దున్నే చూస్తే టేకు నూనె తాగి నిగనిగలాడుతోంది, దాని మీద బంక ఇంకా సుఖంగా ఉంది. కిరాణా కొట్టులో పుట్టినదానికి ఇదో జబ్బు. ఏ బాధకైనా మందు అరల్లోనే ఉంటుందనుకుంటాం. ఒక్కో డబ్బా మూత తీసి ఒక్కో మందు వేశాను. పదిహేను రోజులు గడిచాయి. నా జుట్టుకు కిరోసిన్ వాసన, అన్నానికి టర్పెంటైన్ వాసన. పెట్టెకు మూడువంతులు బంక.

అప్పుడు నాన్న, ఆ పదిహేను రోజుల్లో మొదటిసారి, గల్లాపెట్టె దగ్గర నుంచే అన్నాడు. "సున్నం పెట్టి చూశావా?"

పల్నాడులో ఇది అడగకుండా ఎవరూ ఉండలేరు. సున్నపు బట్టీల పిడుగురాళ్ల పక్కన పుట్టినవాళ్లం. మాకు గోడకు సున్నం, ఆకుకు సున్నం, చీమలకు సున్నం, తేలు కుడితే సున్నం. కొట్టు ముందు సున్నం గంప లేని కిరాణాను నేను చూడలేదు. గది మూలలో వెల్లవెయ్యగా మిగిలిన కుండ ఉంది, అడుగున పల్చటి సున్నపునీళ్లు. గుడ్డతో ముంచి పెట్టె ఒక పక్క, మూల దగ్గర జానెడు మేర రాశాను. అమ్మ పిలిస్తే అన్నం తిని వచ్చాను. బ్లేడుతో తగిలించానో లేదో, బంక మీగడలాగా చుట్టుకుని వచ్చేసింది.

నేను కేక పెట్టలేదు. గల్లాపెట్టె దగ్గరకు వెళ్లి, ఆ బ్లేడు మీద చుట్టుకున్న బంకను నాన్నకు చూపించాను. ఆయన తల ఆడించాడు. శేషు కూడా లేచి వచ్చి చూశాడు. ఇరవై ఏళ్ల నా జీవితంలో అంతటి విజయం లేదు.

జానెడుకు కాస్త సున్నమైతే, పెట్టెంతటికీ ఎంత కావాలి? ఎంత చిక్కగా ఉంటే అంత బలం కదా. మర్నాడు కొత్త సున్నం తెప్పించి, నీళ్లు పొదుపుగా పోసి, వెన్నముద్దలాగా కలిపి, ఒక పక్క చెక్క మొత్తానికి వేలి మందాన మెత్తాను. కింది మూలలో అరచేయంత మిగిలింది, సున్నం అయిపోయి. రాత్రంతా ఉంచాను. పొద్దున్నే చూస్తే సున్నం గచ్చులాగా బిగుసుకుంది. సుత్తితో కొట్టి రాల్చాను. కింద బంక అక్కడే ఉంది, ఇప్పుడు తెల్లగా. బంక లేని చోట టేకు నల్లబడింది. పొడిగుడ్డతో తుడిస్తే ఇంకా నల్లగా తేలింది. రెండు రోజుల కింద మీగడలా వచ్చింది ఈ రోజు ఎందుకు రాలేదో అర్థం కాలేదు. సున్నం మంచిది కాదేమోనని ఇంకో గంప తెప్పించాను. మనిషికి మూర్ఖత్వం కూడా టోకున కొనే అలవాటు ఉంటుంది.

తిరనాళ్లకు నాలుగు రోజులు ఉందనగా వీరాచారి బాబాయ్ బెల్లం కోసం కొట్టుకు వచ్చాడు. నాన్న పొట్లం కడుతుంటే గదిలోకి తొంగి చూశాడు. నేను నేల మీద కూర్చుని గీకుతున్నాను. పెట్టె ఒక పక్క శ్మశానంలా ఉంది. ఆయన లోపలికి వచ్చి, చూపుడువేలు నాలుకకు తగిలించి, బంక మీద పెట్టి కాసేపు రుద్దాడు. వేలు ఎత్తితే సాగింది. వాసన చూశాడు.

"ఇది సొల్యూషనని నీకెవరు చెప్పారమ్మా?"

"మస్తానన్న."

"మస్తాన్‌కి ట్యూబు తెలుసు. చెక్క తెలుసా?" గోడకు ఆనుకుని గొంతుకు కూర్చున్నాడు. "ఇది తోళ్లూ ఎముకలూ ఉడకేసి తీసే బంక. హార్మోనీ పెట్టెలకేస్తారు. ఆ గుంటూరోడు ఎవుడో హార్మోనీలు చేసేటోడి చేత అంటించుకున్నాడు. దీనికి నూనె పనిజెయ్యదు, పెట్రోలు పనిజెయ్యదు. ఏడినీళ్లు. తడి గోనెపట్టా పరిచి పైన ఇస్త్రీ పెట్టె పెడితే పొంగుకొచ్చిద్ది."

"మరి సున్నానికి వచ్చింది బాబాయ్. నా కళ్లారా చూశా."

"సున్నానిక్కాదమ్మా. సున్నంలో నీళ్లకి."

బ్లేడు నా చేతిలోనే ఉంది. పాతిక రోజులుగా నేను ఆ బంకకు కిరోసిన్ పోశాను, పెట్రోలు పోశాను, నీళ్లు తప్ప అన్నీ పోశాను. పెరట్లో బావి ఉంది. వంటింట్లో రోజంతా నీళ్లు మరుగుతూనే ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు, ఆయన మీద కోపం వచ్చింది.

"మీకు ముందే తెలుసా?"

"బేరమప్పుడు ఏలు పెట్టి రుద్దలా? అప్పుడే తెలుసు."

"తెలిసీ చెప్పలేదే."

"నువ్వు గీకుడు తీసేశావు గదమ్మా." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. "గీకటం ఎవుడైనా గీకుతాడు. దేంతో నానబెట్టాలో తెలియటమే నా గీకుడు. మీ నాయన కొట్లో ఏరిన పప్పుకో రేటు, ఏరని పప్పుకో రేటు గదా. ఏరని పప్పు తీసుకుపోయి, రాళ్లు ఎక్కడున్నయ్యో చెప్పమంటే మీ నాయన చెబుతాడా?"

కొట్టులో నాన్న దారం తెంపిన చప్పుడు వినిపించింది. ఆయన అంతా విన్నాడు.

"పోనీ మధ్యలో అన్నా ఒక మాట..."

"నేను రోజూ ఈ దారినే పోతన్నా. నువ్వు పిలుస్తావని చూశా. నువ్వు పిలవలా." బెల్లం పొట్లం కండువాలో కట్టుకుని లేచాడు. తర్వాత, గడప దాటకుండా ఆగి, "నీళ్లు పెట్టమను మీ అమ్మని" అన్నాడు.

ఆ ఒక్క మధ్యాహ్నంలో బంక మొత్తం వచ్చేసింది. తడి గోనె మీద ఇస్త్రీ పెట్టె పెడితే పచ్చితోలు వాసనతో ఆవిరి లేచేది. ఆయన చెక్క గరిటెతో తోస్తే, నెల రోజులు నా గోళ్లు తిన్న బంక జున్నులాగా జారిపోయేది. నేను పక్కన కూర్చుని చూశాను. అంత హాయిగా పని జరుగుతుంటే అంత కడుపుమంటతో చూసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కింది మూలలో నేను సున్నం మెత్తకుండా వదిలేసిన అరచేయంత ముక్క మాత్రం, అది గోడవైపు వస్తుంది కదా అని, ఉండనిచ్చాడు. నల్లబడిన పక్కకు ఆయన దగ్గర కూడా మందు లేదు. "దీన్ని గోడకి తిప్పెయ్" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. వార్నిషు డబ్బా తెమ్మన్నాను.

"ఇప్పుడు గాదు. నువ్వు తాపిన నూనెంతా లోపలుంది. సోడా నీళ్లతో కడిగి, పది రోజులు ఎండలో పెట్టాల. ఇప్పుడేస్తే ఆరదు."

"పది రోజులా? తిరనాళ్లు అయిపోయాక నాకెందుకు? మూడు రోజులు చాలదా?"

"చాలదు."

"పోనీ నాలుగు."

ఆచారి బాబాయ్ నావంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. "ఏందమ్మా, చెక్కతో బేరమాడతావా?"

ఆడాను. వార్నిషు లేకుండా మరకలతో ఉన్న పెట్టెను నాన్న శుభ్రమైనదని ఒప్పుకోడు, వార్నిషు వేస్తే ఒప్పుకుంటాడు. రెండు పూతలు వద్దు ఒకటే వెయ్యండన్నాను, పల్చగా వెయ్యండన్నాను, ఎండ కూడా బాగానే ఉందన్నాను. ఆయన విని విని, నీ ఇష్టం అని కుంచె తీసుకున్నాడు. చెక్కను తెగ్గొట్టలేకపోయినా మనిషిని తెగ్గొట్టాను.

తిరనాళ్ల రోజు పొద్దున, కొండకు మొక్కుగా వెదుళ్లతో ఎత్తుగా ప్రభలు కట్టిన బండ్లు ఊళ్లోంచి వెళ్తుండగా గది తలుపు తీశాను. పెట్టె మెరుస్తోంది. స్విచ్ వేస్తే కుయ్ మంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు నిమిషంలో గుమిగూడారు. నేను స్టూలు వేసుకుని కూర్చున్నాను. చిల్లర డబ్బా ఒళ్లో ఉంది. ఒక గంటసేపు ఆ గది నాది.

మొదట ఒకడు ఆట అయ్యాక చెయ్యి తియ్యబోయి రాక గట్టిగా లాగాడు. చర్రుమంది. రెండోవాడి చొక్కా మోచేయి అంటుకుంది. రోడ్డు మీద బండ్లు లేపిన దుమ్మంతా వచ్చి పెట్టె మీద వాలి అక్కడే ఉండిపోయింది. ఎవడో తింటున్న పీచుమిఠాయి పోగులు గులాబీ రంగులో అతుక్కున్నాయి. ఒకప్పుడు రెగ్జిన్ కింద ఉన్న జిగురును నెలరోజులు కష్టపడి పైకి తెచ్చినట్టయింది. పిల్లలకేం, వాళ్లు నవ్వుతూ ఆడుతూనే ఉన్నారు. వరస సందు మలుపు దాకా రాలేదు గాని సైకిల్ షాపు దాకా వచ్చింది.

పదకొండింటికి నాన్న వచ్చాడు. వరసను చూశాడు, నన్ను చూశాడు. పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. తియ్యడానికి కాస్త బలం పట్టింది. అరచేతిని చూసుకున్నాడు, కొట్టులోకి వెళ్లి కిరోసిన్‌తో చెయ్యి తుడుచుకున్నాడు. రాయితో బల్లను కొడతాడేమోనని నేను చెవి వొగ్గి కూర్చున్నాను. కొట్టలేదు. ఎంతో సేపటికి శేషు వచ్చి, ఎగతాళి లేకుండా, "నాన్న ఎరువులాయనకి కబురు పెట్టాడక్కా" అన్నాడు.

నేను వాదించలేదు. ఆ ఒక్కసారి నా దగ్గర చెప్పడానికి లోపం లేదు, నవ్వు లేదు, అడుగులు వెయ్యడానికి చోటు కూడా లేదు. పెట్టెను మాచర్ల నుంచి వచ్చిన ఒకాయన కొనుక్కున్నాడు. నల్లబడిన పక్క వద్దంటే ఆచారి బాబాయ్ కొత్త చెక్క వేసి ఇచ్చాడు. పాతది గోడౌన్‌లోకి పోయి బియ్యం బస్తాలు మోసింది. తర్వాత నాకు సత్తెనపల్లిలో పెళ్లయింది, కొన్నేళ్లకు అక్కడ గాజులు, రిబ్బన్ల కొట్టు పెట్టాను. ముప్పై ఏళ్లు నా గల్లాపెట్టె దగ్గర నేనే కూర్చున్నాను. నాన్న ఒకసారి వచ్చి, అద్దం బల్ల మీద అరచెయ్యి ఆనించి, తీసి, చూసుకుని, "బాగుంది" అన్నాడు. దానికి నాకు పట్టిన ఏళ్లు లెక్కపెట్టుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఇప్పుడు మనవరాలు తన ఫోన్‌ను అడిగితే, ఏ బంకకు ఏది పొయ్యాలో అర నిమిషంలో చెప్పేస్తుంది, పైసా అడగకుండా. ఆ రోజుల్లో అది ఒక మనిషి వేలి చివర ఉండేది, ఆ మనిషిని పిలవాలి. పిలవడమే నాకు చేతకాలేదు.

శేషు నా వెనక వచ్చి నిలబడ్డాడు. జుట్టు తెల్లబడింది, మాట మాత్రం అదే. "అది చెత్తలో వెయ్యమన్నానే అక్కా. నీకెందుకు?"

"బల్ల చేయించుకుంటా."

కూల్చే పనిలో ఉన్న కుర్ర వడ్రంగి ఒకతను చెక్కను వెలుతురులోకి తెచ్చి తిప్పి చూశాడు. టేకేనన్నాడు. చేసిస్తానన్నాడు, పది రోజులు పడుతుందన్నాడు, రేటు చెప్పాడు. నా నోరు దానంతటదే సగానికి తెరుచుకుంది. శేషు నవ్వు ఆపుకుంటూ నావంక చూస్తున్నాడు.

"ఆ రేటులో ఏమేం ఉన్నయ్యి నాయనా?" అని అడిగాను.

"అన్నీ ఉన్నయ్యి పెద్దమ్మా. కొయ్యటం, చిత్రిక, పాలిష్. ఇదిగో, ఈ మూల బంక గీకుడు కూడా."

వేలు నాలుకకు తగిలించి ఆ బంక మీద పెట్టాను. కాసేపు రుద్ది ఎత్తితే, ఇన్నేళ్ల తర్వాత, సన్నగా సాగింది.

"గీకుడు తీసెయ్" అన్నాను. "రేటు మాత్రం తగ్గించొద్దు."